జంప్ క్లాస్‌లో జంపులు తక్కువే, అయినా మాన్పించను

డాలస్ దగ్గర మా పాప వెళ్లే ఫిగర్ స్కేటింగ్ జంప్ క్లాస్ ఎలా ఉందని మనవాళ్లు అడుగుతూనే ఉన్నారు, అందుకే రాసేస్తున్నా. పిల్ల ఎప్పుడెప్పుడు ఎగురుతుందా అని ఎదురుచూసేవాళ్లకు ఇది పడదు.

సగం క్లాసు ఐస్ బయట, రబ్బరు నేల మీదే. గెంతడం, చేతులు ఛాతీకి ముడుచుకోవడం, కుడికాలి మీద దిగి తూలకుండా నిలబడటం. ఐస్ ఎక్కాక కూడా ముందు బ్యాక్‌స్పిన్, అంటే ఒంటికాలి మీద గిరగిర తిరగడం. గాల్లో తిరిగేటప్పుడు ఒళ్లు ఉండాల్సిన తీరు అదే కాబట్టి, అది కుదిరేదాకా కోచ్ ఆక్సెల్ అనే జంప్ మాట ఎత్తనివ్వరు. మిగతా అయిదు జంపులూ వెనక్కి జారుతూ ఎగిరేవే. ఆక్సెల్ ఒక్కటే ముందుకు ఎగిరి వెనక్కి దిగాలి, అంటే సింగిల్‌కే ఒకటిన్నర చుట్లు. ఆ అదనపు సగమే పిల్లల్ని నెలల తరబడి ఏడిపిస్తుంది. "వేరే రింక్‌లో ఇదే వయసు పిల్లలకి వచ్చేసిందటండీ" అని ఒక నాన్నగారు వాపోతే కోచ్ నవ్వి ఊరుకున్నారు.

నాకు బాగా నచ్చింది లట్జ్ అనే జంప్‌ని సరిచేసిన పద్ధతి. చాలామంది లాగే మా పాప ఎడమవైపు తిరుగుతుంది. అలాంటివాళ్లకు ఫ్లిప్ అనే ఇంకో జంప్‌లోనూ లట్జ్‌లోనూ కుడి టో పిక్కే (బ్లేడు ముందుండే పళ్లు) గుచ్చాలి. తేడా అంతా ఎడమకాలి ఎడ్జ్‌లో, అంటే బ్లేడు ఏ అంచు మీద జారుతున్నామన్న దాంట్లో ఉంది: ఫ్లిప్‌కి ఇన్‌సైడ్, లట్జ్‌కి అవుట్‌సైడ్. లట్జ్‌లో జారే వంపు ఒకవైపు, తిరగాల్సింది ఎదురువైపు. దాంతో ఎగిరే ముందు పాదం తెలియకుండానే లోపలికి ఒరిగిపోతుంది. పోటీల్లో దీనికి మార్కులు పోతాయి. నోటితో ఎంత చెప్పినా మా దానికి ఎక్కలేదు. ఒకరోజు ఐస్ నున్నగా చేసే బండి జాంబోనీ అలా వెళ్లగానే, నున్నటి ఐస్ మీద చేయించి, కోచ్ మోకాళ్ల మీద కూర్చుని బ్లేడు గీసిన గీతను గ్లౌజు వేలితో చూపించారు. చక్కగా వంపు తిరిగి వస్తున్న గీత, పిక్ గుచ్చిన గుంటకు జానెడు దూరంలో మెలికపడి ఎదురువైపు మళ్లిపోయింది. ఇప్పుడు లట్జ్ చేసిన ప్రతిసారీ పాపే వెనక్కెళ్లి గీత చూసుకుంటోంది.

లోపాలూ ఉన్నాయి. ఎగిరేటప్పుడు పిల్లని పట్టి ఉంచే, గేలం కర్రలాంటి హార్నెస్ ఒక్కటే ఉంది. క్యూలో నిలబడ్డ పిల్లలకు చలికి కాళ్లు బిగుసుకుపోతాయి. అలా బిగుసుకున్న కాళ్లతో ఎగరనివ్వడం నాకు నచ్చదు. ఫీజు విషయంలో ముందే గట్టిగా అడగండి. ఐస్ టైమ్ వేరే, బ్లేడ్లు సానపట్టడం వేరే అని బిల్లు వచ్చాకే తెలిసింది. చీలమండ దగ్గర మెత్తబడిన పాత బూట్లతో వెళ్తే జంప్ చేయనివ్వరు, అది మాత్రం మంచిదే. శనివారం బ్యాచ్ కిక్కిరిసి ఉంటుంది, వీలైతే మధ్యవారం సాయంత్రం అడగండి.