బీరువా మీద పెట్టిన కలబంద క్రీము

ఒంగోలులో ఎగ్జిబిషన్‌కి పోయినప్పుడు మా అత్తమ్మ ముచ్చటపడి కొన్న క్రీము ఇది. కలబంద, వేపాకు కలిపి చేశారట. 100 గ్రాములు, 280 రూపాయలు. డబ్బా మీద ‘కెమికల్స్ లేవు’ అని పెద్ద అక్షరాలు. బ్యాచ్ నంబరు లేదు, తయారీ లైసెన్సు నంబరు లేదు, ఎన్నాళ్లలోపు వాడేయాలో లేదు. ఇరవై ఏళ్లు జూనియర్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో సీసాలు కడిగినదాన్ని, నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

మూడు గాజు సీసాలు వేడినీళ్లలో మరిగించి, ఆరబెట్టి, తలా రెండు చెంచాల క్రీము వేశాను. ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి బీరువా లోపల, మూడోది బీరువా పైన, రేకుల కప్పు కింద. అసలే రోళ్లు పగిలే రోహిణి కార్తె. కంపెనీలవాళ్లు క్రీము నిలుస్తుందో లేదో చూడటానికి 40 డిగ్రీల పెట్టెలో నెలల తరబడి ఉంచుతారు. ఆ వేడి మాకు ఒంగోలు ఉత్త పుణ్యానికే ఇస్తుంది. పోలికకి మెడికల్ షాపులో దొరికే మామూలు గ్లిజరిన్ క్రీము కూడా పక్కనే పెట్టాను.

ఐదో రోజుకే పై సీసాలో క్రీము విడిపోయింది. పైన వేలెడు మందాన పసుపు నూనె, అడుగున చెరువు నీళ్ల రంగు. కలిపితే కలుస్తుంది, గంటకల్లా మళ్లీ మొదటికే. అత్తమ్మ మూత తీసి, ‘ఏందే ఇది, నెలనాటి కారప్పూస డబ్బా వాసనొస్తా ఉంది’ అంది. నూనె చెడితే వచ్చేది ఆ వాసనే. బీరువా లోపలిది విడిపోలేదు గానీ, పన్నెండో రోజున మూత అంచున నల్ల చుక్కలు కనిపించాయి. బూజు. నీళ్లున్న క్రీములో బూజు పట్టకుండా ఏదో ఒకటి వేయాలి. వీళ్లు ‘లేవు’ అని గొప్పగా రాసుకున్నది దాన్నే. ఫ్రిజ్‌లోది బాగుంది. గ్లిజరిన్ క్రీము మూడు చోట్లా చెక్కుచెదరలేదు.

తేమ సంగతికొస్తే, చెడకముందు మరీ తీసిపారేసేది కాదు. వారం రోజులు స్నానం కాగానే ఎడమ పిక్కకి ఇది, కుడి పిక్కకి గ్లిజరిన్‌ది రాశాను. చీలమండ దగ్గర ఏదీ రాయలేదు. సాయంత్రం గోటితో గీసి చూసేదాన్ని. చీలమండ దగ్గర సుద్దముక్కతో గీసినట్టు తెల్లగీత. కుడివైపు అసలు పడలేదు. ఎడమవైపు మధ్యాహ్నం దాకా నున్నగా ఉండి, పొద్దుగూకేసరికి సన్నగీత పడేది. కలబంద గుజ్జంటే దాదాపు అంతా నీళ్లే కదా, అవి ఆరిపోతాయి. వాటిని పట్టి ఉంచడానికి గ్లిజరిన్ లాంటిది తోడుండాలి.

అమ్మినాయనకి ఫోన్ చేస్తే ‘ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి మేడమ్’ అన్నాడు. ఆయన మాత్రం ఎండకి కాగిపోతున్న టెంటు కింద బల్ల మీద పేర్చి అమ్మాడు.

పారేద్దామంటే అత్తమ్మ ఒప్పుకోవడం లేదు, డబ్బులు పోసి కొన్నానంటుంది. ఫ్రిజ్‌లో ఉన్న రెండు చెంచాలూ మడమలకి రాసుకోమని ఇచ్చి, మిగతాది ఆమె చూడకుండా చెత్తబండిలో వేశాను.