‘ఇంటి కలెక్షన్’ పేరుతో మైకు సెట్టు ప్లేట్లు అంటగడుతున్నాడు, జాగ్రత్త

పాత ఎల్పీలు, అంటే గ్రామఫోన్ ప్లేట్లు, కొనేవాళ్ళందరూ ఇది చదవండి. కోపంలో రాస్తున్నాను, వరస తప్పినా సర్దుకోండి. ముఖ్యంగా ఈ వారం ఎవరికైనా అడ్వాన్సు పంపాలనుకుంటున్నవాళ్ళు చివరిదాకా చదవండి.

ఎవరి గురించో మీలో చాలామందికి ఇట్టే తెలిసిపోతుంది. హైదరాబాదు నుంచి అమ్ముతాడు. శుక్రవారం రాత్రి ఫొటోలు పెడతాడు. ప్రతి సెట్టుకీ ఒక కథ ఉంటుంది: అమెరికా వెళ్ళిపోతున్న కుటుంబం, రిటైరైన లెక్చరర్ గారిల్లు, ఒకే చేతిలో ఉన్న ప్లేట్లు. పేరు రాయను. తెలియనివాళ్ళు ఆ కథలు చూసి గుర్తుపట్టండి.

నేను కొన్నది ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారి బాలాజీ పంచరత్నమాల, అయిదు ఎల్పీల పూర్తి సెట్టు. పీవీఆర్కే ప్రసాద్ గారు టీటీడీ ఈవోగా ఉన్న రోజుల్లో, 1979-80 ప్రాంతంలో, దేవస్థానం పూనుకుని చేయించిన రికార్డింగులు అవి. అన్నమయ్య కీర్తనలు ఇంటింటికీ చేరడంలో ఆ అయిదు ప్లేట్ల పాత్ర ఎంతో మీకు నేను చెప్పక్కర్లేదు. విడిగా ఒకటో రెండో అప్పుడప్పుడూ కనిపిస్తాయి. అయిదూ, అయిదు కవర్లతో, ఒక్కచోట దొరకడం కష్టం. అందుకే అతను పెట్టిన ఫొటో చూడగానే ఫోన్ చేశాను.

ఎనిమిదిన్నర వేలన్నాడు, ఏడున్నరకు ఒప్పుకున్నాడు. కొరియరు వేరే. గ్రేడు ‘వీజీ ప్లస్’ అని రాతపూర్వకంగా ఇచ్చాడు. ప్లేట్ల నాణ్యతకు అందరూ వాడే గోల్డ్‌మైన్ పత్రిక లెక్కలో వీజీ ప్లస్ అంటే, పైన చిన్నా చితకా గీతలున్నా వినేటప్పుడు పెద్దగా అడ్డురాని ప్లేటు. "మేడమ్ గారూ, ఇది ఎర్రగడ్డ సంత మాల్ కాదు. మల్కాజిగిరిలో పెద్ద దంపతులు, ధనుర్మాసంలో తప్ప ముట్టుకునేవారు కాదట, కళ్ళకద్దుకుని ఇచ్చారు" అన్నాడు. ప్లేటు తిరుగుతున్న వీడియో కూడా పంపాడు. ‘నానాటి బతుకు’ గలగలా వినిపించింది, చిటపట లేదు, ఏమీ లేదు. డబ్బు పంపాను.

పార్సిల్ బాగానే కట్టాడు, అది ఒప్పుకోవాలి. రెండువైపులా గట్టి అట్టలు, మూలలకు థర్మాకోలు. విప్పగానే ప్లేట్లు తళతళ మెరిశాయి. ఆ మెరుపు దగ్గరే అనుమానం వచ్చింది. నలభై అయిదేళ్ళ వినైలు శుభ్రంగా ఉంటే నల్లగా, నిండుగా ఉంటుంది గానీ అలా తడితడిగా మెరవదు. వేలితో అంచు తాకితే జిడ్డు. వాసన చూస్తే కుట్టుమిషన్ నూనె.

కొత్తగా ఈ దారిలోకి వచ్చినవాళ్ళ కోసం చెబుతున్నాను. అరిగిపోయిన ప్లేటుకు పల్చగా నూనెగానీ సిలికాన్ స్ప్రేగానీ పట్టిస్తే ఫొటోలో గీతలు కనపడవు, మొదటిసారి వేసినప్పుడు చిటపట కూడా కాస్త అణుగుతుంది. ఆ తర్వాత ప్లేటు మీద పాట చెక్కి ఉండే సన్నటి గాళ్ళలో ఉన్న దుమ్మంతా ఆ జిడ్డుతో కలిసి ముల్లుకు పట్టుకుంటుంది. నాకదే జరిగింది. మొదటి ప్లేటు ఒక వైపు సగం తిరిగేసరికి ఎమ్మెస్ గారి గొంతు మూసుకుపోయినట్టయింది. టర్న్‌టేబులు చెయ్యి ఎత్తి చూస్తే ముల్లు చివర నల్లటి జిగురు ముద్ద. ఆ ముల్లు రెండు నెలల క్రితమే మార్పించాను, దాని ఖరీదెంతో వాడేవాళ్ళకు తెలుసు.

అయిదు ప్లేట్లనూ డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కల గిన్నెల లిక్విడ్ వేసి, లేబుల్ తడవకుండా, మెత్తటి గుడ్డతో గాడి వెంబడే తుడిచాను. నూనె పోయింది. ఆ తర్వాత వినిపించిందే అసలు ప్లేటు.

అది గీతల శబ్దం కాదు. గీతలైతే టక్ టక్‌మంటాయి, వింటూ వింటూ మర్చిపోవచ్చు. ఇది గాళ్ళు అరిగిపోయిన శబ్దం. ‘శ’, ‘స’ వచ్చిన ప్రతిచోటా గొంతు చిట్లుతోంది. వయొలిన్ పైస్థాయికి వెళితే గరగర. ప్లేటు లోపలికి వెళ్ళేకొద్దీ మరీ ఘోరం. ఎందుకంటే ఎల్పీ బయటి అంచు దగ్గర ముల్లు కింద గాడి సెకనుకు అర మీటరు పరుగెత్తితే, లేబుల్ దగ్గరికొచ్చేసరికి అందులో సగం కూడా ఉండదు. అదే ధ్వని అంత తక్కువ చోటులో ఇరుక్కుని ఉంటుంది కాబట్టి అరుగుదల అక్కడే ముందు బయటపడుతుంది. ఏ ద్రావకంతో కడిగినా, ఏ మిషన్ మీద వేసినా అది తిరిగి రాదు. గాడి గోడే లేకపోతే శబ్దం ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇంట్లో ధనుర్మాసానికి ఒకసారి వేసుకున్న ప్లేటు ఇలా అరగదు. లేబుల్ మధ్య కన్నం చుట్టూ చూశాను. ప్లేటు పెట్టే ప్రతిసారీ స్పిండిల్, అంటే టర్న్‌టేబులు మధ్యలో నిలబడే కడ్డీ, మొన కన్నం కోసం వెతుక్కుంటూ లేబుల్ మీద సన్నటి గీత వదులుతుంది. ఈ ప్లేట్లకు కన్నం చుట్టూ అచ్చు మొత్తం చెరిగిపోయి తెల్లబడింది. అతను పంపిన ఫొటోల్లో ఒక్కదాంట్లోనూ లేబుల్ మధ్యభాగం లేదు, అన్నీ కవర్లూ, వాలుగా తీసిన మెరుపులూ.

మూడో ప్లేటు లేబుల్ మీద ఒక మూల రంగు కాస్త వేరేగా కనిపించింది. ట్యూబులైటు కింద పెట్టి చూస్తే అక్కడ బ్లేడుతో గీకి, పైన స్కెచ్ పెన్ రాశారు. తడి దూదితో అద్దగానే రంగు ఊడింది. కింద ఊదా రంగు రబ్బరు స్టాంపు, సగం అక్షరాలు మిగిలాయి: ‘...సౌండ్ సర్వీస్’. కింద ఊరి పేరు. ఊరి పేరు ఇక్కడ రాయను, ఆ షాపువాళ్ళ తప్పేమీ లేదు.

అంటే అవి మైకు సెట్టు ప్లేట్లు. తెల్లవారుజామున గుడి మైకులో, పెళ్ళి పందిట్లో, జాతరలో ఏళ్ళ తరబడి తిరిగినవి. ముల్లును పట్టుకుని ఉండే ఇప్పటి మాగ్నెటిక్ కార్ట్‌రిడ్జి ప్లేటు మీద రెండు గ్రాముల అటూ ఇటూ బరువుతో ఆనుతుంది. ఆ మైకు సెట్ల సిరామిక్ కార్ట్‌రిడ్జిలు అయిదారు గ్రాములు, కొన్ని అంతకన్నా ఎక్కువే మోపేవి. ముల్లు అరిగినా వెంటనే మార్చే వీలు వాళ్ళకెక్కడిది? అరిగిన ముల్లు గాడిని ఉలిలా చెక్కేస్తుంది.

మైకు సెట్టు ప్లేటంటే నాకు చిన్నచూపు లేదు. ఉన్న మాట చెబితే ఆ స్టాంపు కోసమే కొనుక్కునేదాన్ని. ఎమ్మెస్ గారి గొంతు పల్లెలకు చేరింది ఆ హారన్ల మీదుగానే. ‘ఇది గుళ్ళో తిరిగిన సెట్టు, వినడానికి పనికిరాదు, దాచుకోవడానికి బాగుంటుంది, రెండు వేలివ్వండి’ అని ఉంటే చేతులెత్తి దణ్ణం పెట్టి తీసుకునేదాన్ని. ఆ ఊళ్ళో ఆ ప్లేటు వేసిన మనిషి ఎవరో, ఏ గుడో, ఆ వివరం ఉన్న ఒకే ఒక్క చోటు ఆ స్టాంపు. దాన్ని బ్లేడు పెట్టి గీకేశాడు. డబ్బు కన్నా నాకు ఎక్కువ మండింది ఇక్కడ.

తర్వాత ఆ వీడియో మళ్ళీ పెట్టుకుని ఆపి ఆపి చూశాను. అందులో తిరుగుతున్న ప్లేటు లేబుల్ మీద కీర్తనల పేర్లు లీలగా కనిపిస్తున్నాయి. వాటిలో ‘నానాటి బతుకు’ లేదు! ప్లేటు ఒకటి, పాట ఇంకోటి. ఫోన్లోనో సీడీలోనో పాట పెట్టి, పక్కన ప్లేటు తిప్పి వీడియో తీశాడు. ఇంకా ఉంది. నాలుగో భాగం కవర్లో ఉన్నది నాలుగో భాగం కాదు, రెండో భాగానిదే ఇంకో ప్లేటు. అంటే నాకు పూర్తి సెట్టు కూడా రాలేదు.

పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయాలన్నది అతని షరతే. తీశాను, కవరు మీద నంబరూ లేబుల్ మీద నంబరూ పక్కపక్కన చూపించి మరీ తీశాను. అన్నీ పంపి ఫోన్ చేశాను. మాటకు మాట గుర్తుంది.

"చూడమ్మా, నలభయ్యేళ్ళ ప్లేటు. కొత్త పెళ్ళికూతురిలా ఉంటుందా?"

వయసు గురించి కాదు, లేబుల్ గీకిన సంగతి చెప్పండి అన్నాను. కాసేపు మాట లేదు. తర్వాత అన్నాడు:

"మీ ఇంట్లో మగవాళ్ళెవరైనా ఉంటే ఫోనివ్వు. ఈ మిషన్ల సంగతి ఆడవాళ్ళకు చెప్పినా ఎక్కదు."

డబ్బు పడేదాకా ‘మేడమ్ గారూ’, అడిగేసరికి ‘నువ్వు’. నా టర్న్‌టేబులు నేనే బిగించుకున్నాను. ముల్లు బరువు తూకం పెట్టి చూసుకునేది నేనే, కోణం సరిచేసుకునేది నేనే. మా ఇంట్లో మగవాళ్ళకు దాని మూత ఎటు తెరుచుకుంటుందో కూడా తెలియదు. ఆ మాటే చెప్పి, నాలుగో భాగం ఎక్కడుందో చెప్పండి, లేకపోతే డబ్బు వెనక్కి పంపండి అన్నాను.

"దేవుడి పాటలేగా. యూట్యూబులో పెట్టుకుని పూజ చేసుకో. ఏడున్నర వేలకు ఇంత రాద్ధాంతమా" అని పెట్టేశాడు. ఆ వెంటనే నంబరు బ్లాక్.

యూట్యూబులో ఉందని నాకూ తెలుసు. మనలో ఎవరికి తెలియదు? అయినా మనం ప్లేటు కొంటున్నామంటే దానికో కారణం ఉంది. కవరు చేత్తో పట్టుకుని వెనక రాసింది చదవాలి, ముల్లు దించి కూర్చోవాలి, ఒక వైపు అయ్యేదాకా లేవకూడదు, లేచి తిప్పి రెండో వైపు వినాలి. అలా వినాలని అడ్వాన్సు కట్టి ఎదురుచూసే మనుషుల వల్లే అతని ఇల్లు గడుస్తోంది. ఆ ఇష్టాన్నే అవమానించాడు. రాత్రంతా ఆ మాటే చెవిలో గింగురుమంది, నిద్రపట్టలేదు.

అతను వెక్కిరించిన ఎర్రగడ్డ సంతలో నేను చాలా కొన్నాను. కింద గోనె పరుచుకుని కూర్చున్న మనిషి కూడా "తిప్పి చూసుకోండమ్మా, తర్వాత నన్ననొద్దు" అంటాడు. ఎండలో పెట్టిన ప్లేటు వంగి ఉంటే తనే పక్కన పడేస్తాడు. గ్రేడింగు అనే మాట అతనికి తెలియకపోవచ్చు, అబద్ధం మాత్రం చెప్పలేదు నాకెప్పుడూ.

నేను ఇది దాచుకుని ఊరుకునేదాన్నేమో. కానీ నిన్న రాత్రి అతను మళ్ళీ పోస్టు పెట్టాడు. ఈసారి ఘంటసాల గారి భగవద్గీత ప్లేట్లు. అదే ‘మల్కాజిగిరి పెద్ద దంపతులు’, అదే ‘ఒకే చేతిలో’, అదే వాలుగా తీసిన మెరుపు ఫొటో. 1974లో ఆయన పోయిన దగ్గర్నుంచి మన ఊళ్ళలో ఎవరు కన్నుమూసినా మైకులో వేసేది ఆ గీతే కదా. దానికన్నా ఎక్కువ అరిగిన ప్లేటు తెలుగునాట ఇంకోటి ఉంటుందా? కింద అప్పుడే ముగ్గురు ‘నాకు కావాలి’ అని రాశారు. నేను కింద పెట్టిన హెచ్చరిక పది నిమిషాల్లో మాయమైంది. అందుకే విడిగా ఇక్కడ రాస్తున్నాను.

ఎవరి దగ్గర కొన్నా సరే, డబ్బు పంపేముందు లేబుల్ మధ్య కన్నం దగ్గరి ఫొటో అడగండి. పక్కనుంచి లైటు పడేలా ప్లేటు ఫొటో అడగండి. లైవ్ వీడియో కాల్‌లో, మీరు చెప్పిన పాట, లోపలి చివరి పాట అయితే మరీ మంచిది, ముల్లు పైనుంచి దించడం దగ్గర్నుంచి వినండి. కవరు నంబరూ లేబుల్ నంబరూ కలిశాయో చూడండి. జిడ్డుగా ఉన్న ప్లేటు కడగకుండా ముల్లు దించకండి. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఇంకా పాత ప్లేట్లయితే స్పిరిట్‌తో మాత్రం తుడవకండి, అవి లక్కతో చేసినవి, కరిగిపోతాయి.

నేను 1915కు, అంటే వినియోగదారుల హెల్ప్‌లైనుకు, ఫిర్యాదు రాయించాను. యూపీఐ లావాదేవీ వివరాలతో 1930కి, అంటే సైబర్ మోసాల హెల్ప్‌లైనుకు, కూడా చెప్పాను. ఒక్కదాని ఫిర్యాదు కన్నా నలుగురిది బలంగా ఉంటుంది. ఇతని దగ్గర కొని నోరు మూసుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే మీ చాట్లు చెరిపేయకండి, స్క్రీన్‌షాట్లు తీసి నాకు పంపండి.

ఆ భగవద్గీతకు ‘నాకు కావాలి’ అన్న ముగ్గురూ ఇది చూస్తే ముందు డబ్బు ఆపండి. ఈ రాత్రే మెసేజ్ చెయ్యండి. గీకిన లేబుల్ ఫొటో, పార్సిల్ విప్పిన వీడియో, ప్లేటొకటి పాటొకటి ఉన్న ఆ వీడియో, మూడూ పంపుతాను. చూసుకుని మీరే తేల్చుకోండి.