రెండు వేళ్ల మందం ఇసుక: పచ్చడి సీసాల కొవ్వొత్తి స్టాండ్లతో మూడేళ్లు

మా ఇంటికి వచ్చినవారందరూ ఈ కొవ్వొత్తి స్టాండ్ల మెడకు చుట్టిన పురికొసను మెచ్చుకుంటారు. మూడేళ్లుగా వాటిని వాడుతున్న నేను మాత్రం అడుగున రెండు వేళ్ల మందాన పోసిన ఇసుకకే రుణపడి ఉన్నాను. ఖాళీ పచ్చడి సీసాను వేడినీళ్లలో నానబెట్టి, లేబులు గీకి, పురికొస చుట్టడం అందరికీ తెలిసిన పనే కనుక ఆ వివరాల జోలికి పోను. మా విశాఖపట్నంలోని పూర్ణా మార్కెట్లో కొన్న పురికొస ఉండకు, జిగురుకు కలిపి ఆరు సీసాలకు వంద రూపాయల లోపే ఖర్చయింది.

మొదటి ఏడాది వాటిలో ఇసుక లేదు. అడుగున నాలుగు చుక్కల మైనం కరిగించి, దానిమీద కొవ్వొత్తిని నిలబెట్టేదాన్ని. ఆ అక్టోబరులో ఒక రాత్రి గాలివాన మొదలై కరెంటు పోయింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటిన తరువాత రోజుల తరబడి చీకట్లో గడిపిన ఇల్లు మాది కనుక, అక్టోబరులో గాలి హోరెత్తితే చాలు, మా అత్తగారు "కొవ్వొత్తులు ఎక్కడున్నాయో ముందు చూడమ్మా" అంటారు. ఒక సీసాలో కొవ్వొత్తి వెలిగించి, ఆవిడ స్వయంగా అల్లిన లేసుగుడ్డ పరచిన టీపాయ్ మీద పెట్టి, భోజనాలు ముగించి కబుర్లలో పడ్డాము. కొవ్వొత్తి చివరికంటా కాలి, మంట గాజు అడుగును తాకిన కాసేపటికి టప్పుమని శబ్దం వచ్చింది. చూస్తే సీసా అడుగు బిళ్లలా ఊడిపోయింది, కరిగిన మైనం గుడ్డమీదకు పారింది, అందులో వత్తి ఇంకా మండుతూనే ఉంది. అత్తగారు కంగారుగా చెంబు ఎత్తారు. మండుతున్న మైనం మీద నీళ్లు పడితే మంట ఎగసిపడుతుందని తెలిసి, వద్దని అరిచి, అన్నం గిన్నె మూతను దానిమీద బోర్లించాను. లేసుగుడ్డకు రూపాయి బిళ్లంత చిల్లు పడింది. దానిమీద ఇప్పుడు పూలకుండీ ఉంటుంది, ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు.

మామూలు గాజులో వేడి త్వరగా పాకదు. మంట తగిలినచోటు వ్యాకోచిస్తుంది, చుట్టుపక్కల గాజు చల్లగానే ఉంటుంది, ఆ లాగుడుకు సీసా పగులుతుంది. ప్రయోగశాలల్లో వాడే బోరోసిలికేట్ గాజు ఈ తేడాను తట్టుకుంటుంది కాని, అందులో ఆవకాయ పెట్టి అమ్మేవారిని నేనైతే చూడలేదు.

ఆ మరునాడే ఇసుక పోశాను. గాజుకు వేడి తగలకూడదని పోసిన ఇసుక, నేను అనుకోని మేలు కూడా చేసింది. అంతకుముందు అడుగున గడ్డకట్టిన మైనాన్ని వదిలించడానికి సీసాలను ఫ్రీజర్లో చేపముక్కల పక్కన పెట్టవలసి వచ్చేది. చలికి మైనం ముడుచుకుని ఊడివస్తుంది, నిజమే, కాని సీసాకు పట్టిన చేపల వాసనతో కొవ్వొత్తి వెలిగించుకోవడంలో అందమేముంది? ఇసుకలోనైతే కారిన మైనం ఉండకట్టి, వేళ్లతో తీస్తే వచ్చేస్తుంది. మైనం పట్టిన ఆ ఇసుకను కూడా తీసి పారేసి, కొత్తది పోస్తాను. ఇసుక ఉంది కదా అని కొవ్వొత్తిని చివరిదాకా కాలనివ్వను, అంగుళం మిగిలి ఉండగానే సీసాకు మూత పెట్టి ఆర్పేస్తాను.

ఇసుకను ఇంతగా పొగిడాక ఒక మాట సవరించుకోవాలి. మొదట నేను పోసింది పొద్దుటి నడకలో సముద్రపు ఒడ్డున తీసుకున్న రెండు గుప్పెళ్లు. వానాకాలం వచ్చేసరికి అందులోని ఉప్పు చెమ్మ పీల్చి, గాజు లోపల మసకలు కమ్మింది, వేలాడదీయడానికి కట్టిన ఇనుప తీగకు తుప్పు పట్టింది. మంచినీళ్లలో నాలుగుసార్లు కడిగి, డాబా మీద ఎండబెట్టి పోసిన తరువాత ఆ బెడద తగ్గింది. అందరూ మెచ్చుకునే పురికొస కూడా సీసా మూతి దగ్గర వేడికి కమిలి గోధుమరంగుకు తిరిగింది. ఇప్పుడు దానిని కిందిభాగానికే చుడుతున్నాను.

రేకు డబ్బాలను గురించి కూడా ఒకప్పుడు నలుగురికీ గొప్పగా చెప్పాను. డబ్బాలో నీళ్లు గడ్డకట్టించి, రేకు సొట్టపోకుండా మేకుతో చిల్లులు కొట్టి, లోపల దీపం పెడితే గోడమీద పడే చుక్కల వెలుగుకు ఇప్పటికీ సాటి లేదనే అంటాను. అయితే మా బాల్కనీ సముద్రానికి ఎదురుగా ఉంది. ఒక్క వానాకాలంలోనే డబ్బాల అడుగు తుప్పు పట్టి, తెల్లని గచ్చుమీద వలయాలు పడ్డాయి. అవి నేటికీ పోలేదు. నా మాట విని చేసుకున్న మా వదిన పెందుర్తిలో, సముద్రపు గాలికి దూరంగా ఉంటుంది కనుక, ఆమె డబ్బాలు ఇంకా బాగానే ఉన్నాయి.

కనుక సీసాలా, డబ్బాలా అని అడిగితే నా జవాబు ఇంటినిబట్టి మారుతుంది. మేము వారానికి రెండు సాయంత్రాలు, కరెంటు పోయిన రాత్రులు మాత్రమే వీటిని వెలిగిస్తాము, ఇంట్లో చిన్నపిల్లలు లేరు. వచ్చే నెల మా అక్క కూతురు పాకే పిల్లవాడితో వచ్చి పదిహేను రోజులు ఉంటానంది. అన్ని రోజులూ ఈ సీసాలు అటక మీదే ఉంటాయి.