పెళ్లి గుండిగల్లో పిల్లల భోజనం: పర్లాకిమిడి టెంట్‌హౌస్ సామాను ఎలా ఉందంటే

షాపు పేరు రాయను. ఇందులో పొగడ్తతోపాటు తిట్లూ ఉన్నాయి, వచ్చే ఏప్రిల్‌లో మళ్లీ ఆ గడపే తొక్కాలి. ఈ ఎండాకాలం మేం నలుగురు ఆడవాళ్లం కలిసి మా పేటలో 70 మంది పిల్లలకు 45 రోజులపాటు మధ్యాహ్నం భోజనం పెట్టాం, వంట సామానంతా ఒక టెంట్‌హౌస్ నుంచి అద్దెకు తెచ్చాం. పెళ్లికో పేరంటానికో సామాను తెచ్చుకునేవాళ్లకు ఇది పెద్దగా పనికిరాదు. రోజూ వండి పెడదామనుకునేవాళ్లు చదవండి.

బడి ఉన్నన్నాళ్లూ ఈ పిల్లలకు మధ్యాహ్నం అన్నం, పప్పు, వారానికి రెండు గుడ్లు దొరుకుతాయి. ఒడిశాలో ఈమధ్య ఎండలకి ఏప్రిల్ చివర్లోనే బడులు మూసేస్తున్నారు, మళ్లీ తెరిచేది జూన్ సగం అయ్యాకే. కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ భోజనం పెట్టాలని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది కానీ, కరువని ప్రకటించని చోట బడి వంటగదికి తాళమే కదా. మా పేటలో సగం ఇళ్లలో అమ్మానాన్నలు ఇటుక బట్టీలకు పోయి ఉంటారు. ఇంట్లో ఉన్న ముసలివాళ్లు పొద్దున్నే ఒక్కసారి వండి, పొద్దుగూకేదాకా దాంతోనే నెట్టుకొస్తారు.

బియ్యం ఎలాగా అని మొదట టెన్షన్ పడ్డాం. అది తేలిగ్గానే దొరికింది, ఒక మిల్లు ఆయన నాలుగు బస్తాలు పంపాడు, ఆంధ్రా వైపున్న పాతపట్నంలో మా చుట్టాలు తలా కాస్త వేసుకుని ఇంకో నాలుగు పంపారు. దొరకనివి గిన్నెలు! బియ్యం ఇస్తే పుణ్యం అనుకుంటారు, గుండిగ అడిగితే మాత్రం సొట్టలు పెట్టి ఇస్తారేమోనని చూస్తారు. అలా తిరిగి తిరిగి టెంట్‌హౌస్‌కు చేరాం.

రేటు ముందు చెప్తాను. ఆయన చెప్పింది పెళ్లి రేటు, ఒక్కో గుండిగకు రోజుకు 80 రూపాయలు. 45 రోజులకు 3600, ఆ డబ్బు పెడితే కొత్త గుండిగే వస్తుంది. ఆ మాటే అన్నాను. "అయితే కొనుక్కో అమ్మా, కొన్నాక ఎక్కడ పెడతావు?" అన్నాడు. నిజమే, మాది చర్చి పక్కన రేకుల షెడ్డు, దానికి తలుపే లేదు. బేరమాడి బేరమాడి సామాను మొత్తానికి, అంటే గుండిగలు, సిబ్బి, జాలీ గరిటె, వడ్డించే బకెట్లు, 80 కంచాలు, 80 గ్లాసులు, ఇనుప పొయ్యి, అన్నిటికీ కలిపి 6000కి ఒప్పుకున్నాడు. డిపాజిట్ 2000. పొయ్యితో గ్యాస్ బండ రాదు, అది మనమే చూసుకోవాలి.

ఇక ఆయనకి దండం పెట్టాల్సిన సంగతి. బడిలో ఇచ్చే కొలతలే మేమూ పెట్టుకున్నాం. ఐదో తరగతిలోపు పిల్లకి బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5. ఆరు నుంచి ఎనిమిది దాకా చదివేవాళ్లకి 150, 30, 75, ఏడున్నర. మాకు చిన్నవాళ్లు 40 మంది, పెద్దవాళ్లు 30 మంది, కాబట్టి రోజుకు బియ్యం ఎనిమిదిన్నర కేజీలు, పప్పు కేజీ ఏడొందల గ్రాములు, కూరగాయలు నాలుగుంపావు కేజీలు. ఎందుకైనా మంచిదని పాతిక కేజీల గుండిగ అడిగాను. ఆయన నా కాగితం చూసి నవ్వాడు.

"అంతదాంట్లో ఈ కాసింత వండితే అడుగు మాడిపోద్ది, పైన పలుకు ఉండిపోద్ది. పది కేజీలవి రెండు పట్టుకెళ్లు. ఒకేసారి వండేస్తే ఈ ఎండకి రెండో బంతి కూర్చునేసరికి అన్నం చెమట పట్టేసి వాసనొస్తది. సగం సగం వండు."

నలభై ఏళ్లుగా పెళ్లి వంటలు చూసిన మనిషి మాట అది. పదకొండున్నరకు చిన్నవాళ్ల బంతి, పన్నెండున్నరకు పెద్దవాళ్ల బంతి, ఎవరి అన్నం వాళ్లకి అప్పుడే వార్చి దించాం. 45 రోజుల్లో ఒక్కరోజు కూడా అన్నం పాచిపోలేదు. మే నెలలో, రేకుల షెడ్డులో! ఈ ఒక్క మాటకే రెండు స్టార్లు ఇచ్చేస్తున్నాను.

సామాను నాణ్యత సగం సగం. అల్యూమినియం గుండిగలు పాతవే కానీ అడుగు మందం, పప్పు అంటుకోలేదు. సిబ్బి సరిగ్గా మూతికి పట్టింది, గంజి వార్చేటప్పుడు చేతులు కాలలేదు, ఆ గంజి కూడా ఉప్పేసి పిల్లలకే పోశాం. జాలీ గరిటె పిడి రెండో రోజే ఊడింది, గుడ్డ చుట్టి నడిపించాం. చోడి (రాగి) అంబలికి అల్యూమినియం వద్దు, రాత్రి నానిన పులుపు గిన్నెని తినేస్తుందని ఆయనే చెప్పి, అడక్కుండానే స్టీలు బేసిన్ ఒకటి ఊరికే ఇచ్చాడు.

మరి అంత తెలిసిన మనిషి మూడో వారంలో చేసిన పని చూడండి. వరసగా ముహూర్తాలు. ఊరంతా బాజాలే, ఒడియా వాళ్ల పెళ్లిళ్లు, మనవాళ్ల పెళ్లిళ్లు. పొద్దున ఎనిమిదింటికి కుర్రాడు వచ్చి ఒక గుండిగ పట్టుకుపోయాడు, బదులుగా ఇత్తడిది దించి వెళ్లాడు. ఫోన్ లేదు, మాట లేదు. మేమూ చూసుకోలేదు, తప్పు మాదీ ఉంది. లోపల కళాయి సగం ఊడిపోయిన గుండిగ అది, అందులో గుమ్మడికాయ పులుసు పెట్టాం. బడిలో టీచరు రుచి చూశాకే వడ్డించాలన్న నియమం ఉంటుంది, మేమూ రోజూ ఇద్దరం ముందు తినేవాళ్లం. నోట్లో పెట్టగానే నాలుక మీద చిలుము రుచి. పులుసంతా గోతిలో పారబోశాం. ఆ పూట అన్నం, మజ్జిగ, ఉల్లిపాయ. పిల్లలు పఖాళ, అంటే ఒడియా వాళ్ల చద్దన్నం, అనుకుని హాయిగా తిన్నారు, ఏడుపు మాకే వచ్చింది. వెళ్లి అడిగితే "పులుసు పెడతావని నాకేం తెలుసు?" అన్నాడు. సాయంత్రానికి వేరేది పంపాడు, క్షమించమన్న మాట మాత్రం రాలేదు. ఒక స్టార్ అక్కడ పోయింది.

వడ్డన గురించి ఒక ముక్క, షాపుకి సంబంధం లేకపోయినా. పాతపట్నం నుంచి సాయానికి వచ్చిన మా మరదలు మొదటిరోజు "పిల్లలు ఆవు ఆవు అంటున్నారేంటి వదినా?" అని అడిగింది. "ఆఉ టికే" అంటే ఒడియాలో ఇంకొంచెం అని. పదిహేనుమంది సవర గిరిజన పిల్లలు మాత్రం రెండు భాషల్లోనూ నోరు తెరవలేదు, కంచం ముందుకు జరిపితే ఇంకా కావాలని, వెనక్కి లాక్కుంటే చాలని తెలుసుకోవడానికి వారం పట్టింది. సవర నేర్చుకుని ఆ భాషకు పుస్తకాలు రాసిన గిడుగు రామమూర్తి పంతులు గారు పనిచేసిన ఊళ్లో ఉండి మాకెవ్వరికీ సవర రాదు, సిగ్గుపడాల్సిందే.

అప్పగింతల రోజు గ్లాసులు లెక్కపెడితే 69. పదకొండు తక్కువ. ఎవరు పట్టుకెళ్లారో మాకు తెలుసు, అంబలి పోసిన రోజున ఇంట్లో ఉన్న చంటిదానికని గ్లాసు చేతిలో పట్టుకుని వెళ్లినవాళ్లే. వాళ్ల ఇళ్లకి వెళ్లి అడగలేదు. ఆయన గ్లాసుకు 25 చొప్పున 275 పట్టుకున్నాడు, అందులో నాకు గొడవ లేదు.

గొడవల్లా మిగతా డిపాజిట్‌తోనే. 1725 రావాలి, మూడుసార్లు తిప్పాడు. ఒకసారి కొడుకు లేడన్నాడు, ఒకసారి పెళ్లి పార్టీ డబ్బులు ఇవ్వలేదన్నాడు. మూడోసారి 1700 చేతిలో పెట్టి చిల్లర లేదన్నాడు. ఐదుకి మూడున్నర ఇస్తున్నాను. మీరు వెళ్తే సామాను దించుకునేటప్పుడే గుండిగ లోపల చెయ్యి పెట్టి చూసుకోండి, ముహూర్తాల రోజుల్లో వెనక్కి తీసుకోనని చీటీ మీద రాయించుకోండి, 25 రూపాయల చిల్లర మీరే పట్టుకెళ్లండి.