మత్సుయామ ర్యోకాన్‌లో అమ్మతో ఒక రాత్రి: నీళ్ళకి వెళ్ళండి, భోజనానికి వద్దు

ముందు లెక్క చెప్పేస్తాను. జపాన్ పాతకాలపు పద్ధతి సత్రాన్ని ర్యోకాన్ అంటారు, అందులో ఇద్దరికి ఒక రాత్రికి 51,700 యెన్‌లు అయింది. గది, రెండు పూటల భోజనం కలిపి మనిషికి 24,200. విడిగా స్నానాల గది తీసుకున్నందుకు 45 నిమిషాలకి 3,000. మిగిలిన 300 స్నానపు పన్ను, తలకి 150 చొప్పున. అవును, ఇక్కడ వేడినీటి బుగ్గలో మునిగినందుకు పన్ను కట్టాలి, బిల్లులో దానికో వరస ఉంటుంది. ఒసాకాలో ఆరేళ్ళుగా ఉంటున్నాను కానీ ఇంత డబ్బు పోసి నేల మీద ఎప్పుడూ పడుకోలేదు. అమ్మ వచ్చింది కాబట్టి పడుకున్నాను.

ర్యోకాన్ పేరు రాయను. రెండు ఫిర్యాదులున్నాయి, అక్కడి మనుషులేమో చాలా మంచివాళ్ళు. దోగో ఒన్సెన్ హొన్‌కాన్ అనే పాత స్నానశాలకి ఐదు నిమిషాల నడకలో, ఒక సందులో ఉన్న నాలుగంతస్తుల పాత భవనం. అంతవరకు తెలిస్తే చాలు.

ఒన్సెన్ అంటే వేడినీటి బుగ్గ. ఆ మాట అనగానే అందరూ హకోనే లాంటి కొండ ఊళ్ళు చెబుతారు. అమ్మ మోకాళ్ళతో ఆ బస్సులు, ఆ మెట్లు కుదరవు. మత్సుయామ అయితే ఐదు లక్షల మంది ఉండే నగరం. షిన్-ఒసాకాలో షింకాన్‌సెన్ బుల్లెట్ రైలు ఎక్కి ఒకాయామాలో దిగాలి, అక్కణ్ణుంచి షియోకాజే ఎక్స్‌ప్రెస్‌లో రెండుమూడు గంటలు. దారిలో సెతో వంతెన మీద సముద్రం దాటుతారు. అమ్మ ఆ పది నిమిషాలూ కిటికీకి అతుక్కుపోయింది, మిగతా దారంతా నిద్రపోయింది. మత్సుయామ స్టేషన్ నుంచి ట్రామ్ నేరుగా దోగో దాకా వెళ్తుంది. ట్రామ్ దిగాక చక్రాల సూట్‌కేసు లాక్కుంటూ దుకాణాల వీధిలో నడిచి వెళ్ళిపోయాం. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని తీసుకెళ్ళాలనుకుంటే ఈ ఒక్క కారణం చాలు.

గుమ్మంలో చెప్పులు విప్పమన్నారు. అమ్మకి అక్కడే సగం నచ్చేసింది. లోపల నడవడానికి ఒక జత స్లిప్పర్లు, తతామి చాప మీద అడుగుపెట్టేముందు అవీ విప్పాలి, టాయిలెట్‌లోకి మాత్రం ఇంకో జత. ఆ టాయిలెట్ స్లిప్పర్లతోనే అమ్మ నడవాలోకి వచ్చేసింది. ఎదురుగా వస్తున్న ఒక జపనీస్ పెద్దాయన చూసి, చూడనట్టు గోడ వైపు తిరిగాడు. ఆయన మర్యాదకి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

గది బాగుంది. ఎనిమిది తతామి చాపలు పట్టే గది, మధ్యలో పొట్టి బల్ల, కాళ్ళు లేని కుర్చీలు. కాళ్ళు లేని కుర్చీ అంటే వీపు ఆనించుకోవడానికే, కూర్చునేది నేల మీదే. నా మొదటి ఫిర్యాదు ఇదే. అమ్మకి మోకాళ్ళ నొప్పి, కాస్త ఎత్తు కుర్చీ కావాలని బుక్ చేసినప్పుడే రాశాను. సరేనని జవాబు కూడా వచ్చింది. గదిలో కుర్చీ లేదు. అడిగితే వంగి వంగి క్షమాపణలు చెప్పారు. కుర్చీ వచ్చేసరికి రాత్రి తొమ్మిదయింది, అప్పటికి భోజనం అయిపోయి పరుపులు కూడా వేసేశారు.

మా గది చూసుకున్న నకాయ్‌కి, అంటే ర్యోకాన్ పరిచారికకి, డెబ్బై దాటి ఉంటాయి. ప్రతిసారీ తలుపు బయట మోకాళ్ళ మీద కూర్చుని, తలుపు జరిపి, లోపలికొచ్చి మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుని టీ పోసేది. అమ్మకి ఇది అస్సలు పడలేదు. "నాకంటే పెద్దావిడ రా, ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని పోస్తుంటే నేను ఎట్లా తాగేది?" అని లేచి నిలబడింది. అమ్మ నిలబడిందని ఆవిడ కంగారుపడి ఇంకా కిందికి వంగింది. ఆవిడ వంగిందని అమ్మ చేతులు జోడించింది. ఇద్దరినీ కూర్చోబెట్టడానికి నాకు ఐదు నిమిషాలు పట్టింది.

యుకాత, అంటే అక్కడ వేసుకునే నూలు అంగీ, అమ్మకి ఆవిడే కట్టింది. అమ్మ కుడి అంచుని పైకి వేసుకుంటే గబగబా వచ్చి మార్చింది. ఎడమది పైన ఉండాలి, కుడిది పైకి వస్తే అది శవానికి కట్టే పద్ధతి. నేను అనువదించాక అమ్మ ఆ రాత్రి ముడి మూడుసార్లు సరిచూసుకుంది.

ఇక అసలు టెన్షన్ స్నానం. ఒన్సెన్‌లో ఒంటి మీద నూలుపోగు ఉండకూడదు. ఆడవాళ్ళకి వేరు, మగవాళ్ళకి వేరు కాబట్టి నేను లోపలికి వెళ్ళి సాయం చేయలేను, అమ్మకి జపనీస్ రాదు. గదిలోనే నా చేతనైనంత నటించి చూపించాను: ముందు చిన్న పీట మీద కూర్చుని సబ్బుతో శుభ్రంగా ఒళ్ళు కడుక్కోవాలి, నురగ మొత్తం పోవాలి, ఆ తర్వాతే తొట్టిలో దిగాలి, చిన్న తువ్వాలు నీళ్ళలో ముంచకూడదు, నెత్తి మీద పెట్టుకోవాలి. "ఒళ్ళు కడుక్కున్నాక మళ్ళీ స్నానం దేనికి?" అంది. ప్రశ్న సబబే. ఆ తొట్టి కడుక్కోవడానికి కాదు, నానడానికి.

స్నానాల గది బయట బోర్డు చూశాక నాకు గుండె జారింది. పచ్చబొట్లున్నవాళ్ళకి ప్రవేశం లేదు. అమ్మ ముంజేతి మీద పచ్చబొట్టు ఉంది, చుట్టూ చుక్కలు, మధ్యలో తులసికోట. పదకొండేళ్ళప్పుడు జాతరలో పొడిపించారట. ఇక్కడ పచ్చబొట్టు అంటే యకూజా ముఠాలు గుర్తొస్తాయి, నిషేధం అందుకే. 2015లో జపాన్ పర్యాటక సంస్థ ఆరా తీస్తే సగానికి పైగా చోట్ల పచ్చబొట్టున్నవాళ్ళని రానివ్వడం లేదని తేలింది. దానికి రెండేళ్ళ ముందు హొక్కైడోలో ఒక మావోరి మహిళని, ముఖం మీద ఆమె తెగ సంప్రదాయ గుర్తు ఉందని స్నానానికి రానివ్వకపోతే పెద్ద గొడవైంది. ఇవన్నీ తెలిసి కూడా, మా అమ్మ చేతి మీద పుట్టినప్పటి నుంచీ చూస్తున్నది కూడా పచ్చబొట్టేనని నాకు తట్టలేదు.

రిసెప్షన్‌లో చెబితే అమ్మాయి లోపలికెళ్ళి ఒక స్టిక్కర్ తెచ్చింది. చర్మం రంగుది, అరచెయ్యంత. ఎవరి చర్మం రంగు అన్నది వేరే సంగతి. అమ్మ చేతి మీద అతికించాక గోధుమ రంగు గోడకి సున్నం పూసినట్టు మెరిసింది. పచ్చబొట్టు ఎవరికి కనిపించేదో కానీ ఆ స్టిక్కర్ మాత్రం వీధి చివరికి కనిపిస్తుంది.

అందుకే సాయంత్రం విడి గది తీసుకున్నాను. దాన్ని కషికిరి అంటారు, లోపలి నుంచి గడియ పెట్టుకోవచ్చు. అమ్మ ఒక్కతే వెళ్ళింది. నేను బయట బెంచీ మీద గడియారం చూసుకుంటూ కూర్చున్నాను, వేడికి కళ్ళు తిరిగి పడిపోతుందేమోనని. నలభయ్యో నిమిషంలో వచ్చింది. ముఖం ఎర్రగా కందిపోయింది, చేతిలో తువ్వాలు, తువ్వాలుకి అతుక్కుని స్టిక్కర్. "ఇది నీళ్ళలో తేలింది రా" అని తీసి నా చేతిలో పెట్టింది. నీళ్ళ గురించి ఒక్క మాటే అంది: "కాళ్ళు నావి కాదన్నట్టున్నాయి." నాలుగేళ్ళుగా మోకాళ్ళకి రాసుకుంటున్న ఏ తైలం గురించీ అంత మాట అనలేదు.

ఇప్పుడు భోజనం, రెండో ఫిర్యాదు. అమ్మ శాకాహారి, గుడ్డు కూడా తినదు. "వెజిటేరియన్" అని మెయిల్ పెట్టాను, ఇబ్బంది లేదన్నారు. ఆరు గంటలకి గదిలోకే కైసెకి అనే విందు భోజనం వచ్చింది. చిన్న చిన్న గిన్నెలు, ఒక్కోదాంట్లో రెండు ముద్దలు, చూడ్డానికి బొమ్మల కొలువులా ఉంది. మొదటి గిన్నెలో చవాన్‌ముషి, అంటే గుడ్డుతో చేసేదే. రెండోదాంట్లో పొగలు కక్కే టోఫు, పైన ఎండుచేప తురుము వేడికి మెలికలు తిరుగుతోంది. "ఇదేంట్రా, కదుల్తోంది?" అంది అమ్మ. నకాయ్ కంగారుగా చాప్‌స్టిక్స్‌తో ఆ తురుము తీసేసి, ఇప్పుడు తినొచ్చు అన్నట్టు నవ్వింది. తెంపురా అనే బజ్జీల పిండిలో గుడ్డు. సూపులో చేప రసం. చివరికి అమ్మ తిన్నది అన్నం, ఊరబెట్టిన ముల్లంగి, నాలుగు మికాన్‌లు, అంటే చిన్న కమలాపళ్ళు. మత్సుయామ ఉన్న ఎహిమే మికాన్‌లకి పేరున్న జిల్లా, డిసెంబరు మొదటి వారం, కాబట్టి అవి మాత్రం అద్భుతం.

తప్పు సగం నాది. ఇక్కడ చాలామంది వంటవాళ్ళకి శాకాహారం అంటే పళ్ళెంలో మాంసం ముక్క కనిపించకపోవడం. చేప రసాన్ని చేప కింద లెక్కవేయరు. గుడ్డు వద్దు, ఎండుచేప వద్దు, సూపుకి వాడే దాషి రసంలో కూడా చేప వద్దు అని ఒక్కొక్కటీ విడివిడిగా రాయాలి, లేదంటే బౌద్ధ ఆలయాల్లో వండే శోజిన్ ర్యోరి దొరుకుతుందా అని అడగాలి. కానీ ఇబ్బంది లేదని రాసే ముందు వాళ్ళూ ఒక్క ప్రశ్న అడగాల్సింది కదా. నేను చేప తింటాను, మత్సుయామ పద్ధతిలో చేపని బియ్యంతో కలిపి వండిన తాయ్‌మేషి నాకు బాగా నచ్చింది. అయినా పక్కన అమ్మ మికాన్ తొక్కలు దొంతర పెడుతుంటే ఎంతని ఆస్వాదిస్తాం?

పరుపులు నేల మీద వేశారు, మందంగా, మెత్తగా. సోబా అనే గింజల పొట్టు నింపిన దిండు, తల తిప్పినప్పుడల్లా గరగరమంటుంది. నాకు నిద్ర పట్టలేదు. అమ్మ పడుకున్న రెండు నిమిషాలకే గురక.

పొద్దున్నే నేను హొన్‌కాన్‌కి వెళ్ళాను. 1894లో కట్టిన మూడంతస్తుల చెక్క భవనం, పైన చిన్న గోపురం లాంటి గదిలో ఆరింటికి డోలు మోగుతుంది, తలుపులు తెరుస్తారు. 2019 నుంచి ఐదేళ్ళకు పైగా మరమ్మతులు చేసి 2024 జులైలో మళ్ళీ పూర్తిగా తెరిచారు. కింద అంతస్తులో కామినోయు అనే గదిలో స్నానానికి 700 యెన్‌లు. ఇక్కడి నీళ్ళు 18 ఊటల నుంచి వస్తాయి, వేడివీ చల్లవీ కలిపి 42 డిగ్రీలకి తెస్తారు తప్ప కాచరు, మామూలు నీళ్ళు కలపరు. వాడిన నీళ్ళు మళ్ళీ తిప్పరు, అలా పొంగి పోతూనే ఉంటాయి. మా ర్యోకాన్ నీళ్ళలో సన్నగా క్లోరిన్ వాసన ఎందుకు వచ్చిందో తిరిగొచ్చాక బట్టలు మార్చుకునే గది గోడ మీద చదివితే అర్థమైంది: వడగట్టి మళ్ళీ తిప్పుతున్నాం, మందు కలుపుతున్నాం అని రాసి పెట్టారు. 2004లో ఒక ఊళ్ళో నీళ్ళలో రంగు పొడి కలుపుతున్నారని బయటపడ్డాక, మరుసటి ఏడాది నుంచి ఇలా రాసి పెట్టడం తప్పనిసరి చేశారు. కాబట్టి మోసమేమీ లేదు, గోడ చదవాలంతే. ఆ నీళ్ళు కూడా ఒంటికి జారుడుగా, హాయిగానే ఉన్నాయి. కానీ రెండూ ఒకటి కాదు.

తిరిగొచ్చేసరికి గదిలో అమ్మ లేదు. ఫోను బల్ల మీద ఉంది. అప్పుడు గుర్తొచ్చింది: రాత్రికి రాత్రి ఆడవాళ్ళ గదినీ మగవాళ్ళ గదినీ తారుమారు చేస్తారు, ఇద్దరికీ రెండు తొట్లూ దక్కాలని. నిన్న ఎడమవైపు ఆడవాళ్ళదని అమ్మకి చూపించాను. ఇవాళ ఎడమవైపు మగవాళ్ళది. మెట్లు రెండేసి దూకుతూ కిందికి పరిగెత్తాను.

హాల్లో యుకాత కట్టుకుని, ఎడమ అంచు పైకి, అమ్మ కూర్చుని ఉంది. పక్కన మా నకాయ్. ఇద్దరి చేతుల్లో చిన్న గాజు సీసాల్లో పాలు. అమ్మ పెద్ద స్నానాల గదికే వెళ్ళొచ్చింది, ఎవరి తోడూ లేకుండా, మరో ఐదారుగురు ఆడవాళ్ళతో పాటు. "ఎర్ర పరదా ఆడవాళ్ళదని నువ్వే చెప్పావుగా, ఎటుంటే ఏంటి?" అంది. స్టిక్కర్ అడిగి తీసుకుని వేసుకుందట, అదీ ఊడిందట. నకాయ్ ఆ చేతిని తన ఒళ్ళో పెట్టుకుని తులసికోట మీద వేలు రాసి చూసి, ఏదో అందట. ఏమందో అమ్మకి తెలీదు, నేనూ అడగలేదు.

మార్చిలో అమ్మ తిరుగు ప్రయాణం. ఈలోపు ఇంకోసారి బుక్ చేశాను. అదే ర్యోకాన్, బుధవారం, భోజనం లేకుండా. అమ్మ తిండి మేమే వెంట తీసుకెళ్తాం. ప్రత్యేకంగా ఏమైనా కావాలా అన్న గడిలో మొదట కుర్చీ అని రాశాను, గీత గీసి మళ్ళీ కుర్చీ అని రాశాను. అమ్మ పక్కన కూర్చుని చూస్తూ, స్టిక్కర్లు రెండు ఇమ్మని కూడా రాయమంది.