వియత్నాం టూరిస్టు ఈ-వీసా: పాతిక డాలర్లే, కానీ తప్పు కొడితే మళ్లీ పాతిక

వియత్నాం అనగానే ఏజెంటుకి ఫోన్ చేసే అలవాటు మానుకోవచ్చు. ఆ దేశ ఇమ్మిగ్రేషన్ శాఖ పోర్టల్లో ఎవరి వీసా వాళ్లే తీసుకోవచ్చు. సింగిల్ ఎంట్రీకి 25 డాలర్లు, మల్టిపుల్‌కి 50. 2023 ఆగస్టు 15 నుంచి గరిష్ఠంగా 90 రోజులు ఇస్తున్నారు. అంతకుముందు 30 రోజులే. ఇంటర్వ్యూ లేదు, వేలిముద్రల కోసం వీసా సెంటర్ చుట్టూ తిరగక్కర్లేదు, పాస్‌పోర్టు ఎవరి చేతిలోనూ పెట్టక్కర్లేదు. వీసాకైతే నిండు మార్కులు. పోర్టల్‌కి మాత్రం కొంచెం కోత వేయాల్సిందే. ఫారం పొడవు, పైగా మీరు కొట్టిన తప్పుని అది ఎత్తిచూపదు. అలాగే వీసా మీద అచ్చేసి ఇస్తుంది.

చిరునామా ఈవీసా డాట్ గవ్ డాట్ వీఎన్. చివర ‘గవ్ డాట్ వీఎన్’ ఉందా లేదా అన్నదే ఆనవాలు. గూగుల్లో వెతికితే పైన ప్రకటనల్లో ప్రైవేటు సైట్లు కనిపిస్తాయి. పేరులో ఎక్కడో ‘గవ్’ తగిలించుకుని, పైన జెండా బొమ్మ పెట్టుకుని, చివరికొచ్చేసరికి డాట్ కామ్ అనో డాట్ ఆర్గ్ అనో ఉంటాయి. వాటికి కట్టేదాంట్లో సర్కారు రుసుం పోగా మిగతాదంతా వాళ్ల సర్వీసు చార్జీయే.

మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది పేరు దగ్గర. ఆధార్‌లో ‘కె.వి. సుబ్బారావు’ అని ఉంటుంది, పాస్‌పోర్టులో సర్‌నేమ్ ‘కోట’, గివెన్ నేమ్ ‘వెంకట సుబ్బారావు’. ఇక్కడ పాస్‌పోర్టు తప్ప ఇంకేదీ చెల్లదు. అనుమానం వస్తే ఫొటో పేజీ అడుగున ఉన్న రెండు వరసలు చూడండి. పై వరసలో ‘ఐఎన్‌డీ’ తర్వాత సర్‌నేమ్, పక్కపక్కనే రెండు కోణపు గుర్తులు, ఆ తర్వాత గివెన్ నేమ్. అదే స్పెల్లింగు, అదే క్రమం దించేయండి. కొన్ని పాస్‌పోర్టుల్లో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి, పేరంతా గివెన్ నేమ్‌లోనే ఉంటుంది. అలాంటప్పుడు ఇంటిపేరు విడదీసి సొంతంగా సర్‌నేమ్ తయారుచేయకండి. విమాన టికెట్ మీద కూడా అదే పేరు ఉండాలి.

పాస్‌పోర్టు నంబరులో ముందు అక్షరం, తర్వాత అంకెలు. అంటే అంకెల దగ్గర గుండ్రంగా కనిపించేదంతా సున్నాయే, ‘ఓ’ కాదు. తేదీలు రోజు, నెల, ఏడాది వరసలో. పాస్‌పోర్టుకి ఇంకా ఆరు నెలల గడువుందో లేదో ఇప్పుడే చూసుకోండి.

రెండు ఫొటోలు ఎక్కించాలి. ఒకటి మీ ముఖం: నేరుగా చూస్తూ, కళ్లజోడు లేకుండా. రెండోది పాస్‌పోర్టు ఫొటో పేజీ. దీన్ని రాత్రి ట్యూబ్‌లైటు కింద తీస్తే లామినేషన్ మీద మెరుపు పడి అక్షరాలు తెల్లబోతాయి. పగలు కిటికీ పక్కన పెట్టి, ఫ్లాష్ ఆపి, అడుగు వరసలు రెండూ తెగకుండా తీయండి.

వీసా మొదలు తేదీకి ముందు దిగితే లోపలికి రానివ్వరు. 30 రోజులకీ 90 రోజులకీ రుసుం ఒకటే కాబట్టి అటు ఇటు కొన్ని రోజులు కలుపుకుని అడగడమే తెలివైన పని. సింగిలా మల్టిపులా అన్నది మాత్రం ఆలోచించి నొక్కండి. హో చి మిన్ సిటీలో దిగి, మధ్యలో అంగ్‌కోర్ వాట్ చూడ్డానికి కంబోడియా వెళ్లి, మళ్లీ వియత్నాం మీదుగా తిరుగు ప్రయాణం పెట్టుకుంటే సింగిల్ చాలదు. దేశం దాటగానే దాని పని అయిపోయినట్టే.

బస చిరునామా గడిలో ఇంకో చిక్కు. 2025 జులై 1న వియత్నాం తన 63 రాష్ట్రాలు, నగరాలను 34కి కుదించి, జిల్లా స్థాయిని ఎత్తేసింది. హోయ్ ఆన్ ఇప్పుడు డా నాంగ్ కిందకి, వుంగ్ తావ్ హో చి మిన్ సిటీ కిందకి వచ్చాయి. హోటల్ బుకింగ్ కాగితంలో పాత పేరుంటే జాబితాలో ఎంత వెతికినా దొరకదు. కొత్త పేరు చూసి ఎంచుకోండి.

పద్నాలుగేళ్ల లోపు పిల్లల వివరాలకి ఫారంలో ఒక భాగం ఉంటుంది. తల్లిదండ్రుల పాస్‌పోర్టులోనే పేరున్న పిల్లలకి అది. మన పిల్లలకి విడి పాస్‌పోర్టులుంటాయి కాబట్టి దాన్ని వదిలేసి, చంటిపిల్లకైనా వేరే దరఖాస్తు పెట్టి వేరే పాతిక కట్టాలి. నలుగురి కుటుంబానికి నాలుగు ఫారాలు, వంద డాలర్లు. అందరికీ కలిపి ఒక్కటి పెడితే పిల్లలు వీసా లేకుండా మిగిలిపోతారు.

డబ్బు కట్టేముందు బ్యాంకు యాప్‌లో కార్డుకి అంతర్జాతీయ ఆన్‌లైన్ చెల్లింపులు తెరిచి ఉన్నాయో లేదో చూడండి. రిజర్వు బ్యాంకు నిబంధనల వల్ల కొత్త కార్డుల్లో అది మూసే వస్తుంది. కట్టిన రుసుం వీసా రాకపోయినా వెనక్కి రాదు. డబ్బు కట్ అయ్యి పేజీ ఆగిపోతే కంగారుపడి రెండోసారి కట్టకండి. రిజిస్ట్రేషన్ కోడ్, ఈమెయిల్, పుట్టినతేదీ కొట్టి స్థితి చూడండి. ఆ కోడ్ ఫొటో తీసి పెట్టుకోకపోతే తర్వాత చాలా తిప్పలు.

వీసా ఇవ్వడానికి వాళ్లు చెప్పే గడువు మూడు పనిదినాలు. శని, ఆదివారాలు, టెట్ (వియత్నాం కొత్త సంవత్సరం) సెలవులు, ఏప్రిల్ 30, మే 1, సెప్టెంబరు 2 లెక్కలోకి రావు. రెండు మూడు వారాలు ముందు పెట్టడం మేలు. మెయిల్ కోసం కూర్చోకుండా మీరే రోజూ స్థితి చూస్తుండండి. ఫొటో సరిగా లేదని సరిచేయమంటే అక్కడే తెలుస్తుంది. పీడీఎఫ్ చేతికొచ్చాక పేరు, నంబరు, పుట్టినతేదీ పాస్‌పోర్టు పక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూసి, రెండు ప్రింట్లు తీయండి. తేడా కనిపిస్తే కొత్త దరఖాస్తు పెట్టుకోవాలి. చెక్-ఇన్ కౌంటర్‌లో బతిమాలితే పనవ్వదు.

ఫూ క్వాక్ దీవి ఒక్కటే చూసొచ్చేవాళ్లకి ఇదంతా అక్కర్లేదు. నేరుగా అక్కడ దిగినా, వేరే అంతర్జాతీయ విమానాశ్రయంలో బయటికి రాకుండా విమానం మారి వెళ్లినా 30 రోజుల దాకా వీసా అవసరం లేదు. దీవి నుంచి హనోయ్ కూడా చూసొద్దాం అనుకుంటే మాత్రం పాతిక డాలర్లు కట్టి, ఇంటి దగ్గరే వీసా తీసుకుని బయల్దేరండి.