గర్భం తొలి నెలల్లో రక్తస్రావానికి ప్రొజెస్టెరాన్ 400 మి.గ్రా.: ఎవరికి పనిచేస్తుంది?

యోనిలో పెట్టుకునే ఈ హార్మోన్ మందు అందరికీ కాదు. 2019లో వెలువడిన ప్రిజమ్ అధ్యయనంలో 4,153 మంది గర్భిణులకు రోజుకు రెండుసార్లు 400 మి.గ్రా. చొప్పున ఈ మందో, ఉత్తుత్తి మందో ఇచ్చారు. బిడ్డ పుట్టినవారు అసలు మందు వాడినవారిలో 75 శాతం, ఉత్తుత్తి మందు వాడినవారిలో 72 శాతం. అంత చిన్న తేడాను నమ్మలేం. కానీ అంతకుముందు మూడు లేదా అంతకన్నా ఎక్కువసార్లు గర్భం పోయినవారిలో అది 72 శాతం, 57 శాతం. గతంలో గర్భం పోయినవారికే ఈ మందు మేలు చేస్తున్నట్టు కనిపించింది, ఎక్కువసార్లు పోయినవారికి మరింతగా.

అందుకే బ్రిటన్‌లో చికిత్సా మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2021 నుంచి, రక్తస్రావంతో పాటు ఒక్కసారైనా గర్భస్రావం జరిగి ఉంటేనే దీన్ని సూచిస్తోంది. ముందు స్కాన్‌లో గర్భం గర్భాశయంలోనే ఉందని తేలాలి. ట్యూబులో ఉంటే ఈ మందు కాపాడదు, ఆలస్యం ప్రాణం మీదికి తెస్తుంది. బిడ్డ గుండె చప్పుడు కనిపిస్తే, గర్భానికి 16 వారాలు నిండేవరకు వాడాలి.

చేతులు కడుక్కుని, పడుకుని లోపలికి పెట్టుకుని, కాసేపు అలాగే ఉంటే జారిపోదు. తర్వాత తెల్లగా కారేది మందు మైనమే, కంగారు వద్దు. రక్తం ఎక్కువగా పోతుంటే మందు నిలవదు. మలద్వారం ద్వారా వాడవచ్చేమో డాక్టర్‌ను అడగండి. నోటి మాత్రలతో మగత, తల తిరగడం ఎక్కువ. కొన్ని క్యాప్సూళ్లలో వేరుశెనగ నూనె ఉంటుంది, అలర్జీ ఉన్నవారు చూసుకోవాలి.

క్రోమోజోముల లోపంతో ఆగిన గర్భాన్ని ఏ హార్మోనూ నిలపలేదు. అది తల్లి తప్పు కానే కాదు. గంటకో ప్యాడ్ తడుస్తున్నా, భుజం నొప్పి, కళ్లు తిరగడం ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.